ఆటకు అదను

వేసవి ఎండలు ముదిరేసరికి తిరుపతి, చిత్తూరు జిల్లాల పల్లెల్లో భారతం మొదలవుతుంది. సత్యవేడు వైపు వాళ్ళకి దీని గురించి కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్ళల్లో చాలాచోట్ల 18 రోజుల ఉత్సవం జరుగుతుంది. పగలు పందిట్లో హరికథ. రాత్రికి నాటకం. ఈ ఉత్సవానికి చుట్టుపక్కల ఊళ్ళన్నీ కదిలొస్తాయి.

దుర్యోధన వధ రోజు ఒక్కటి తీసుకోండి. గుడి ముందు మైదానంలో మట్టితో పెద్ద బొమ్మ చేస్తారు. దుర్యోధనుడు వెల్లకిలా పడుకుని ఉంటాడు. ఆ బొమ్మ ఛాతీ మీద ఇద్దరు మనుషులు నిలబడి ఆడొచ్చు. అంత పెద్దది. జనం చుట్టూ మూగుతారు. భీముడి వేషం కట్టినాయన గద పట్టుకుని తరుముతాడు. దుర్యోధనుడి వేషం కట్టినాయన బొమ్మ చుట్టూ పరుగెత్తుతాడు. బొమ్మ మీదికెక్కి సవాలు విసురుతాడు. రాత్రంతా ఆడిన ఒళ్ళు. ముఖాన రంగు చెమటకి కారిపోతూ ఉంటుంది. నెత్తిన కిరీటం. భుజాల మీద అద్దాలు పొదిగిన కొయ్య భుజకీర్తులు. కాళ్ళకి గజ్జెలు. ఆ బరువుతోనే పరుగు. చివరికి బొమ్మ తొడ మీద గద పడుతుంది. ద్రౌపది జుట్టు ముడుచుకుంటుంది. సాయంత్రం అగ్నిగుండం తొక్కుతారు.

ఇంతకీ ఆ భీముడెవరు? చాలా ఊళ్ళల్లో ఆయన ఒక రైతు. లేదంటే మగ్గం నేసే మనిషి. లేదంటే తాపీ మేస్త్రి, చిన్న అంగడి పెట్టుకున్నాయన. తాతల నాటి పని ఒకటి చేతిలో ఉంటుంది. దానితోనే ఇల్లు గడుస్తుంది. ఆ పని వదలకుండానే ఇన్ని పద్యాలు, ఇన్ని దరువులు, ఇంత ఆట నేర్చుకున్నాడు. పొలం పని తెమిలాక, రాత్రి అన్నాలు తిన్నాక, ఆట నేర్పే వాద్యారు ముందు నిలబడి నేర్చుకున్నాడు. తెర వెనక గజ్జెలు మోగించుకుంటూ ప్రవేశం చేయడం దగ్గర్నుంచి, తెల్లవారుజామున గొంతు నిలబెట్టుకోవడం దాకా అన్నీ అలాగే వచ్చాయి.

ఇది ఎలా కుదిరింది? ఈరోజు మనం మాట్లాడుకునే విషయం ఇదే. ఇంట్లో ఒక వ్యాపారం ఉంది. దాన్ని చూసుకోవాలి. మనసులో ఒక కళ ఉంది. దాన్నీ బతికించుకోవాలి. రెండూ ఒక్క మనిషికి ఎలా కుదురుతాయి?

భారతం ఆడే ఊళ్ళ దగ్గర దీనికి ఒక జవాబు ఉంది. ఎవరూ కాగితం మీద రాయలేదు గానీ, ఎన్నో తరాలుగా నడుస్తున్న జవాబు. ఆ ఉత్సవం ఎప్పుడొస్తుందో గమనించండి. కోతలైపోయి, మళ్ళీ దుక్కులు ఊపందుకునే లోపల వస్తుంది. పొలం మనిషిని వదిలిపెట్టే రోజుల్లో వస్తుంది. నాట్లప్పుడు సాధారణంగా భారతం పెట్టరు. కోతలప్పుడు కిరీటం కట్టరు. ఊరు తన ఆటని తన పనిలో ఎక్కడ సందుందో అక్కడ పెట్టుకుంది. పైగా ఆ సంగతి ఊరందరికీ ముందే తెలుసు. భీముడి ఇంట్లో వాళ్ళకీ తెలుసు. ఆ 18 రోజులు ఆయన్ని ఎవరూ పనికి పిలవరు.

ఇందులో రెండు సంగతులున్నాయి. గుర్తుపెట్టుకోండి. ఒకటి, పనిలో ఖాళీ ఎక్కడుందో చూసుకోవడం. రెండు, ఆ ఖాళీని ముందే అందరితో చెప్పి ఉంచుకోవడం. ఖాళీ చూసుకోవడం, ముందే చెప్పుకోవడం. మిగతా ప్రసంగమంతా దీని చుట్టూనే.

చాలామంది యువకులు రోజుని రెండుగా కోసి చూస్తారు. పొద్దున అంగడి, సాయంత్రం సంగీతం. వారం రోజులు బాగానే నడుస్తుంది. ఎనిమిదో రోజు సాయంత్రం ఎవరో పెద్ద బేరం తెస్తారు. ఆరోజు క్లాసు పోతుంది. మరుసటి వారం రెండు క్లాసులు పోతాయి. నెల తిరిగేసరికి వీణకి బొంత కప్పేస్తారు. తప్పు ఆ పిల్లవాడిది కాదు, అంగడిదీ కాదు. సాయంత్రం గిరాకీ ఉండే వ్యాపారంలో సాయంత్రాన్ని అడగడమే కుదరని పని.

ఒక షామియానా సప్లయర్స్ అంగడి అనుకుందాం. సత్యవేడు బజారులోనే ఉందనుకోండి. షామియానాలు, కుర్చీలు, వంట పాత్రలు బాడుగకి ఇస్తారు. ఆ ఇంటి అబ్బాయికి మృదంగం అంటే ప్రాణం. మాఘం, ఫాల్గుణం వచ్చాయంటే ముహూర్తాలు. వైశాఖం, జ్యేష్ఠం మళ్ళీ ముహూర్తాలు. శ్రావణం సరేసరి. ఆ నెలల్లో లారీ ఎక్కించే కుర్చీలకీ దించే కుర్చీలకీ లెక్క రాయడానికే నిద్ర చాలదు. అప్పుడు మృదంగం అని కూర్చుంటే ఇంట్లో గొడవే. న్యాయంగా చెప్పాలంటే, ఆ గొడవలో నాన్న మాటే సబబు.

మరి ఖాళీ ఎప్పుడు? ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు. సరిహద్దు ఊళ్ళు కాబట్టి తమిళుల ఆడి నెల లెక్క కూడా ఇక్కడ నడుస్తుంది. అయితే ఆ నెల పూర్తి ఖాళీ కాదు. ఆడికృత్తికకి తిరుత్తణికి కావళ్ళు పోతాయి. గంగమ్మ జాతరలు ఉంటాయి. పందిళ్ళకి కొంత పని తగులుతుంది. భాద్రపదంలో వినాయక చవితి పందిళ్ళు దాటితే ముహూర్తాలు లేవు. ఇక డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా ధనుర్మాసం. తమిళులకి మార్గళి. ఇటూ పెళ్ళి లేదు, అటూ పెళ్ళి లేదు. అంగట్లో కుర్చీలు పేర్చినవి పేర్చినట్టే ఉంటాయి.

ఇప్పుడు మద్రాసు వైపు చూడండి. సరిగ్గా ఆ రోజుల్లోనే అక్కడ కచేరీల సీజన్. 1927 డిసెంబరులో మద్రాసులో కాంగ్రెస్ మహాసభ జరిగింది. దానితో పాటు ఒక సంగీత సమ్మేళనం పెట్టారు. దాన్నుంచే 1928లో మ్యూజిక్ అకాడమీ పుట్టింది. తర్వాత సభలు పెరిగాయి. మార్గళి నెలంతా నగరం పాటతో నిండిపోయే దాకా వచ్చింది. సత్యవేడు వాళ్ళు ఊత్తుకోట దాటితే మద్రాసు దారిలో పడినట్టే. పొద్దున పోయి రెండు కచేరీలు విని రాత్రికి ఇల్లు చేరొచ్చు. మన షామియానా అబ్బాయికి ఇంతకంటే మంచి అదను ఏముంటుంది? ఏడాదిలో వ్యాపారం ఎక్కువ నిద్రపోయే నెలా, మృదంగం ఎక్కువ మోగే నెలా ఒక్కటే.

అందుకే ఆ అబ్బాయి అడగాల్సింది రోజూ సాయంత్రం కాదు. ఆ నెల. అదీ డిసెంబరులో కాదు, వినాయక చవితికే అడగాలి.

"నాయనా, మార్గళిలో పెళ్ళిళ్ళుండవు గదా. ఆ నెల నాకు కావాల. మాఘంలో లోడు నేనే చూస్తా, లెక్క నేనే రాస్తా."

"సరేలేరా. సంక్రాంతికి ముందర నాలుగు రోజులు మాత్రం అంగట్లో ఉండాల. సామాను కడిగి, చిరిగిన గుడ్డలు కుట్టించాల."

"ఉంటా నాయనా."

ఇంతే మాట. కానీ ఈ మాట ముందే అయిపోవడంలో చాలా ఉంది. ఆ నెల వచ్చాక అడిగితే అది పని ఎగ్గొట్టడంలా కనిపిస్తుంది. మూడు నాలుగు నెలల ముందు అడిగితే అదొక ఒప్పందం. ఇచ్చేదేమిటో, పుచ్చుకునేదేమిటో ఇద్దరికీ తెలుస్తుంది.

ప్రతి వ్యాపారానికీ ఏడాదిలోనే ఖాళీ ఉండదు. కొన్నింటికి నెలలో ఉంటుంది. కిరాణా అంగడికి జీతాలొచ్చే మొదటి వారం ఊపిరాడదు. ఆఖరి వారం చేయి కాస్త తీరుబడి. కొన్నింటికి రోజులోనే ఉంటుంది. టిఫిన్ హోటల్ పొద్దున 11 దాటితే సాయంత్రం దాకా చల్లబడుతుంది. పాల వ్యాపారం తెల్లవారుజామున, మళ్ళీ సాయంత్రం. దానికి ఏడాదంతా సెలవు లేదు గానీ, నడిమధ్యాహ్నం దానిది కాదు. ఇటుకల బట్టీ ఉన్న ఇంటికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఖాళీ. మన వైపు ఈశాన్య రుతుపవనాల వాన అప్పుడే పడుతుంది. పచ్చి ఇటుక ఆరదు. బొమ్మలు గీసే మనిషికి ఆ మూడు నెలలు దేవుడిచ్చిన నెలలు.

మీ వ్యాపారానికి ఖాళీ ఎక్కడుందో అనుమానంగా ఉందా? పోయిన రెండేళ్ళ బిల్లు పుస్తకాలు తీయండి. నెలనెలా ఎంత అమ్మారో ఒక కాగితం మీద వేసుకోండి. తక్కువ అంకె ఎక్కడుందో కనిపిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు ఆ కాగితం చేతిలో ఉంటే ఇంకా మంచిది. వ్యాపారం చేసే మనిషికి అంకె చూపిస్తే వింటాడు. కళ మీద ప్రేమ గురించి ఎంత చెప్పినా అంత త్వరగా వినడు.

శ్రోతల్లో కొందరికి ఒక సందేహం వచ్చి ఉంటుంది. సంగీతం, నాట్యం రోజూ సాధన అడుగుతాయి కదా, పదకొండు నెలలు పక్కన పెట్టి ఒక్క నెల వాయిస్తే చేయి తిరుగుతుందా అని. తిరగదు. నిజమే. అందుకే సీజన్‌లో కూడా రోజూ ఒక అరగంట ఉండాలి. అంగడి తెరవకముందే అది అయిపోవాలి. అరగంట చేయి మొద్దుబారకుండా చూస్తుంది. కొత్త పాఠాలు, కొత్త కీర్తనలు, గురువు దగ్గర కూర్చోవడం, కచేరీలు వినడం, ఇవన్నీ ఖాళీ నెలకి పెట్టుకోవాలి. సీజన్‌లో ఉన్నది నిలబెట్టుకోవాలి. అన్‌సీజన్‌లో కొత్తది నేర్చుకోవాలి. మళ్ళీ చెబుతున్నా. సీజన్‌లో నిలబెట్టుకోవడం. అన్‌సీజన్‌లో పెంచుకోవడం.

ఇంకొక రకం ఇళ్ళున్నాయి. అక్కడ కళే వ్యాపారం. పైకి వీళ్ళకి ఏ ఇబ్బందీ లేదనిపిస్తుంది. కానీ వాళ్ళ చిక్కు ఇంకా గట్టిది. దీనికి మన శ్రీకాళహస్తి కంటే దగ్గరి ఉదాహరణ లేదు.

అక్కడి కలంకారీ పని ఎలా సాగుతుందో ఒకసారి దగ్గరగా చూద్దాం. గుడ్డని ఉతికి గంజి వదిలిస్తారు. కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి ఆరేస్తారు. పాలలో కొవ్వు ఉంటుంది కాబట్టి రంగు పక్కకి పాకదు. చింతపుల్లల బొగ్గుతో ముందు బొమ్మ గీస్తారు. తర్వాత కలం. వెదురు పుల్ల కొన చెక్కి, దాని మీద గుడ్డో ఉన్నో చుట్టి దారంతో బిగిస్తారు. ఆ చుట్టిన భాగాన్ని వేళ్ళతో నొక్కుతుంటే రంగు కొనకి దిగుతుంది. నల్లరంగు పేరు కసిమి. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి మూత పెడతారు. రెండు మూడు వారాలు ఊరాలి. తొందరపెడితే నలుపు రాదు. తర్వాత ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్ళు రాస్తారు. ఆరనిస్తారు. పారే నీళ్ళలో జాడిస్తారు. చవల్‌కోడి, మంజిష్ఠ వేసి కాస్తారు. పేడ నీళ్ళలో నానబెట్టి, ఎండలో పరిచి, తడుపుతూ తెలుపు తెస్తారు. మళ్ళీ పాలు. మళ్ళీ ఎండ. ఆ తర్వాత పసుపు, నీలం. ఎండ లేని రోజు పని ముందుకి కదలదు.

ఈ పనిలో సగం కాలం ఎదురుచూడటమే. ఊరాలి, ఆరాలి, తేలాలి.

1950లు వచ్చేసరికి ఈ విద్య శ్రీకాళహస్తిలో ఆరిపోయే దశకి వచ్చింది. కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో 1957లో అఖిల భారత హస్తకళల బోర్డు అక్కడ ఒక శిక్షణ కేంద్రం పెట్టింది. జొన్నలగడ్డ లక్ష్మయ్య గారు అక్కడ విద్య నేర్పారు. ఆయన కొడుకు జొన్నలగడ్డ గురప్పచెట్టి గారు. 1937లో పుట్టారు. తండ్రి దగ్గరే కలం పట్టారు. అయితే ఆయన బడిపంతులుగా కూడా పనిచేశారు. ఒక పక్క పాఠం, ఒక పక్క కలం. ఇంటి విద్య ఆయన చేతిలో నిలిచింది. దాని మీద ఆయన పుస్తకం రాశారు. 2008లో పద్మశ్రీ వచ్చింది.

ఆయన జీవితంలో మనకి పనికొచ్చే సంగతి ఇది. ఇంటి విద్యని పూర్తిగా అమ్మకం మీద నిలబెట్టకుండా ఇంకో జీతం పక్కన ఉంటే, చేతికి కాస్త స్వేచ్ఛ దొరుకుతుంది. కళే వ్యాపారమైన ఇంట్లో వచ్చే ఇబ్బంది స్వేచ్ఛ దగ్గరే. కొనేవాళ్ళు చీర అడుగుతారు, దుపట్టా అడుగుతారు. అంచు మీద నెమళ్ళు వేయమంటారు. ఇరవై చీరలకీ అవే నెమళ్ళు. మనిషి మనసులో మాత్రం సీతాకల్యాణం అంతా ఒకే గుడ్డ మీద వేయాలని ఉంటుంది. ఆ పెద్ద గుడ్డకి నెలలు పడతాయి. ఎవరు కొంటారో తెలియదు.

ఇక్కడ కూడా అదే మాట. ఖాళీ ఎక్కడుందో చూసుకోవాలి. ఆర్డరు చీరలు పటిక రాసి ఆరుతున్న రోజుల్లో చేయి ఖాళీ. కసిమి ఊరుతున్న వారాల్లో చేయి ఖాళీ. ఆ రోజులన్నీ పెద్ద గుడ్డవి అని ఇంట్లో ముందే అనుకోవాలి. అలా అనుకోకపోతే ఆ ఖాళీలో ఇంకో పది దుపట్టాలు వచ్చి కూర్చుంటాయి. అడిగిన బేరం కాదనడం కష్టం కాబట్టి ఈ జాగ్రత్త వీళ్ళకి మరీ అవసరం.

ఒకప్పటి మన రాయలసీమలోనే ఇంకో ఇంటిని తలుచుకోవాలి. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు వకీలు. నాటక రచయిత. సరస వినోదిని సభ స్థాపించి తెలుగు నాటకానికి ఒక రూపం ఇచ్చారు. ఆయన మేనల్లుడు బళ్ళారి రాఘవ గారు. 1880లో తాడిపత్రిలో పుట్టారు. ఆయనా వకీలే, ఆయనా నటుడే. మేనమామ బాటలో రెండూ నడిచాయి. నల్లకోటూ వదల్లేదు, ముఖానికి రంగూ వదల్లేదు. అలాంటి ఇంట్లో పిల్లవాడికి ఒక సుఖం ఉంటుంది. రెండూ చేయొచ్చా అని అడగాల్సిన పని లేదు. చేసి చూపించిన మనిషి కళ్ళ ముందే ఉంటాడు.

అలాంటి మనిషి ఇంట్లో లేకపోతే? ముందే మాట్లాడుకోకపోతే? అప్పుడు ఏమవుతుందో చూడటానికి కాస్త దూరం పోవాలి. ప్రాగ్ నగరం. ఫ్రాంజ్ కాఫ్కా. ప్రపంచమంతా చదివే రచయిత. తండ్రిది ఫ్యాన్సీ సామాన్ల వ్యాపారం. కాఫ్కా పగలు బీమా ఆఫీసులో పనిచేసేవాడు. మధ్యాహ్నం 2 గంటలకి ఆఫీసు అయిపోయేది. కాసేపు పడుకుని, రాత్రిళ్ళు రాసేవాడు. 1911లో ఆ కుటుంబం కాఫ్కా చెల్లెలి భర్తతో కలిసి ఒక ఆస్‌బెస్టాస్ ఫ్యాక్టరీ మొదలుపెట్టింది. కాఫ్కా అందులో భాగస్తుడు. 1912 సెప్టెంబరులో ఆయన ఒక్క రాత్రిలో, పది గంటలకి కూర్చుని తెల్లవారి ఆరింటికి లేచి, 'తీర్పు' అనే కథ రాశాడు. ఆయన చేయి తిరిగిన రాత్రి అది. కొద్ది రోజులకే ఆ చెల్లెలి భర్త ఊరు వెళ్ళాడు. మధ్యాహ్నాలు నువ్వు ఫ్యాక్టరీ చూడు అని ఇంట్లో పట్టుబట్టారు. రాత్రి రాయడానికి ఆయన పడుకుని లేచే వేళ అది. ఎప్పుడూ తన పక్షాన ఉండే ఇంకో చెల్లెలు ఒట్లా కూడా ఈసారి వాళ్ళ వైపే నిలిచింది. ఆయన చచ్చిపోవాలన్నంత బాధపడి స్నేహితుడు మాక్స్ బ్రాడ్‌కి ఉత్తరం రాశాడు. బ్రాడ్ భయపడి కాఫ్కా తల్లికి రాశాడు. అప్పుడా తల్లి, భర్తకి తెలియకుండా, ఫ్యాక్టరీ చూడటానికి వేరే మనిషిని ఏర్పాటు చేసింది.

ఆ తల్లి మంచిది. ఆ చెల్లెలూ మంచిదే. ఇంట్లో ఎవరూ శత్రువులు కారు. ఆ మధ్యాహ్నాలు ఆయన రాతకి ఎంత అవసరమో ఎవరూ కూర్చుని మాట్లాడుకోలేదు. బయటి స్నేహితుడు ఉత్తరం రాస్తే గాని ఇంట్లో వాళ్ళకి తెలియలేదు. మన ఇళ్ళల్లో కూడా ఇలాంటి మౌనాలే ఎక్కువ. నాన్నకి చెబితే ఏమంటాడో అని కొడుకు చెప్పడు. వాడే అడుగుతాడులే అని నాన్న ఊరుకుంటాడు.

శ్రీసిటీ ఫ్యాక్టరీలు వచ్చాక సత్యవేడు, వరదయ్యపాలెం వైపు యువతకి ఇంకో దారి కూడా కనబడుతోంది. ఇంటి వ్యాపారం వదిలేసి ఫ్యాక్టరీలో చేరడం. జీతం నెలనెలా వస్తుంది. కానీ షిఫ్టు మీ చేతిలో ఉండదు. మార్గళి నెల కావాలంటే సూపర్‌వైజర్ ఇవ్వలేడు. నాన్న ఇవ్వగలడు. కళ ఉన్న పిల్లలు ఇంటి అంగడిని కాదనుకునే ముందు ఈ ఒక్క లెక్క వేసుకోవాలి.

ఆఖరుగా ఆడవాళ్ళ సంగతి. ఇది అన్నిటికంటే ముఖ్యం. ఇంటి వ్యాపారంలో కూతురూ కోడలూ కూడా పనిచేస్తారు. హోటల్లో పిండి రుబ్బేది వాళ్ళే. అంగట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చునేదీ వాళ్ళే. అయితే వ్యాపారానికి ఖాళీ వచ్చినప్పుడు మగవాళ్ళకి ఖాళీ దొరుకుతుంది. ఆడవాళ్ళకి అప్పుడే ఇంటి పని మొదలవుతుంది. అన్‌సీజన్‌లో ఊరగాయలు, అన్‌సీజన్‌లో చుట్టాలు, అన్‌సీజన్‌లో ఇల్లు సున్నం. శ్రీకాళహస్తిలో ఈరోజు ఎంతోమంది ఆడవాళ్ళు కలంకారీ వేస్తున్నారు. పొయ్యి మీద కూర చూసుకుంటూనే కలం పట్టాల్సి వస్తే గీత ఎలా నిలబడుతుంది? మీ ఇంటి కోడలు పాడుతుందా? కూతురు బొమ్మలు గీస్తుందా? హోటల్ మూసే ఆ మధ్యాహ్నం నీది అని ఊరికే చెబితే చాలదు. ఆ మధ్యాహ్నం ఇంటి వంట ఎవరు చేస్తారు, పిల్లవాణ్ణి ట్యూషన్‌కి ఎవరు తీసుకుపోతారు, ఆ రెండూ అదే రోజు, అదే మాటలో తేల్చుకోవాలి. పేరు పెట్టి తేల్చుకోవాలి. అత్త చేస్తుందా, భర్త చేస్తాడా, మరిది చేస్తాడా.